జుట్టు చెక్కే షిజు

ఆడవాళ్ళ బొమ్మల్లో చిత్రకారుడు జుట్టు గీయడు. కొప్పు ఎంతమేర రావాలో చుట్టూ ఒక గీత లాగి, నుదుటి దగ్గర నాలుగు వెంట్రుకలు వేసినట్టు చూపించి, తక్కినది వదిలేస్తాడు. ఆ వదిలేసినదంతా చెక్కేవాళ్ళ నెత్తిన పడుతుంది. పల్చటి కాగితం మీది బొమ్మను చెర్రీ పలక మీద బోర్లా అంటించి, గీత ఉన్నచోట చెక్కను నిలిపి, లేనిచోట తొలిచెయ్యాలి. నుదురు మొదలయ్యే దగ్గర, బియ్యపుగింజ వెడల్పులో, అయిదారు వెంట్రుకలు దేనికది విడిగా నిలబడాలి. ఒక్కటి విరిగిందంటే ఆ నెలంతా చేసిన పని నేలపాలు.

ఎడో నగరంలో, కందా వాడలో, ఆ పనికి పేరుమోసినవాడు హికోబే. బొమ్మ అంచున చిన్న చట్రంలో ‘చెక్కినది హికో’ అన్న అక్షరాలు కనిపిస్తే కొనేవాళ్ళు ఇంకేమీ చూడకుండా కొనేవాళ్ళు. కాని ఆ అక్షరాలున్న బొమ్మల్లో సగానికి పైగా, అందులోనూ బాగున్న సగం, చెక్కింది హికోబే కాదు. ఆయన కూతురు షిజు.

షిజు తల్లి చిన్నప్పుడే పోయింది. హికోబేకు మగపిల్లలు లేరు. పని నేర్చుకుంటామని వచ్చినవాళ్ళు ఆయన నోటికి తట్టుకోలేక ఏడాది తిరక్కుండానే వెళ్ళిపోయేవాళ్ళు. అందుకని బొమ్మకు అక్కర్లేని చెక్కను ఉలితో తీసిపారేసే మొరటు పని ఏడో ఏటనుంచే షిజు మీద పడింది. ఆ తర్వాత బట్టల మడతలు, ఆ తర్వాత చేతివేళ్ళు, చెవులు. “ఆడదానికి ఇంతవరకు చాలు” అంటూనే తండ్రి ప్రతి ఏడూ ఆమె చేతికి ఇంకో సన్నపాటి కత్తి ఇచ్చేవాడు.

ఆమెకు పద్దెనిమిదేళ్ళప్పుడు బున్జి ఇల్లరికం వచ్చాడు. మెతక మనిషి. అతనిదీ చెక్కుడు పనే. బొమ్మ పక్కన ఉండే రాతలు చెక్కడంలో అతని చెయ్యి కలం కంటే సాఫీగా నడిచేది. జుట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఊపిరి ఆగిపోయేది, చెమటలు పట్టేవి. ఒకటి రెండుసార్లు విరగ్గొట్టి, మామగారితో నానా మాటలూ పడి, ఇక ఆ జోలికి వెళ్ళలేదు. వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టి మూడో ఏట మశూచికంతో పోయింది. తర్వాత పిల్లలు కలగలేదు.

షిజుకు ఇరవైనాలుగేళ్ళు వచ్చిన శీతాకాలంలో, ఒక ఉదయం, మిసో చారు తాగుతూ ఉండగా హికోబే చేతిలోంచి తినే పుల్ల జారి చాప మీద పడింది.

“ఏమైంది నాన్నా?”

“ఏమీ కాలేదు. జారింది.”

తీసి మళ్ళీ పట్టుకున్నాడు. మళ్ళీ జారింది. ఆయన తన కుడిచేతిని ఎవరి చేతినో చూసినట్టు చాలాసేపు చూసుకున్నాడు. అరుగు మీద సగం చెక్కిన పలక ఉంది. వేశ్యల వాడ అయిన యోషివారా కన్య ఒకతె, అద్దంలో మెడ చూసుకుంటోంది. కొప్పు అయింది, నుదురు ఇంకా కాలేదు. ప్రచురించే షావుకారు కమెనోయా జిన్‌సుకే అయిదు రోజుల్లో మనిషిని పంపుతానన్నాడు.

“రావే, కూచో” అన్నాడు హికోబే.

“ఎక్కడ?”

“ఇంకెక్కడ? నా చాప మీద.”

షిజు కూర్చుంది. చెయ్యి కదిపేటప్పుడు ఊపిరి బిగబట్టి, కత్తి ఎత్తాక వదిలింది. తండ్రి పక్కనే కూర్చుని రెప్ప వెయ్యకుండా చూశాడు. మూడోరోజు సాయంత్రానికి పని అయిపోయింది. ఆయన పలకను వెలుతురుకు వాలుగా పెట్టి, వేలి కొసతో నుదుటి మీద తాకీ తాకనట్టు రాశాడు.

“ఎడమ కణత దగ్గర మూడోది లావైంది” అన్నాడు.

ఇంకేమీ అనకపోవడమే ఆయన మెచ్చుకోవడం. షిజుకు అది తెలుసు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆ ఇంట్లో పని అలాగే నడిచింది. హికోబే వీధి కిటికీ పక్కన, చేతిలో కత్తి, ముందొక పాత పలక పెట్టుకుని కూర్చునేవాడు. దారినపోయేవాళ్ళు వంగి నమస్కారం చేసి, “పెద్దాయన పనిలో ఉన్నారు” అనుకుంటూ వెళ్ళేవాళ్ళు. కిటికీ కనపడని లోపలి గదిలో, ఉత్తరపు వెలుతురులో షిజు చెక్కేది. మెడ పట్టేసేది. కుడి భుజం ఎడమదానికంటే పైకి లేచి అలాగే ఉండిపోయింది. స్నానాల ఇంటికి వెళ్తే ఆడవాళ్ళు, “ఏమిటమ్మా, నీళ్ళ కావిడి మోస్తున్నావా?” అని నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

హికోబే పోయిన ఏడో రోజున జిన్‌సుకే పరామర్శకు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, నోరు తీపి, చూపు చురుకు. ధూపం వెలిగించి, కాసేపు కళ్ళు మూసుకుని, బార్లీ టీ తాగి, నెమ్మదిగా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

“హికోబే గారి చెయ్యి పోయిందనుకుంటే ఈ నగరం తట్టుకోలేదు. అల్లుడు రెండో హికోబే అవుతాడని నేను అందరికీ చెప్పేశాను” అన్నాడు.

“షావుకారు గారూ, నేను జుట్టు...” అని బున్జి నోరు తెరిచాడు.

“నేనేమీ అడగలేదు కదయ్యా” అని జిన్‌సుకే అతని మాట మధ్యలోనే తుంచేశాడు. “ఎవరెక్కడ కూచుంటారో అది మీ ఇంటి సంగతి. నాకు పలక కావాలి, పలక అంచున పేరు కావాలి. ఆ పేరు మగవాడిదై ఉండాలి. ఏమమ్మా షిజూ?”

 ఆ వారం రోజుల్లో షిజు మూడు రాత్రులు కూడా నిండా పడుకోలేదు. ఎవరి పేరైతేనేం, వీళ్ళు వెళ్ళిపోతే కాస్త నడుం వాల్చవచ్చు అనుకుంది.

అలా బున్జి రెండో హికోబే అయ్యాడు. కొత్త సంవత్సరానికి మంచి అంగరఖా కుట్టించుకున్నాడు. చిత్రకారులు పిలిచిన విందులకు వెళ్ళేవాడు. మొదట్లో ఇంటికి వచ్చి, “ఎంత సిగ్గేసిందో తెలుసా, చెర్రీ చెక్క ఏ కొండదైతే మేలని నన్ను అడుగుతారు!” అని తల పట్టుకునేవాడు. రెండేళ్ళు గడిచేసరికి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం అలవాటైంది. మూడో ఏడు షిజు ముందే ఒక అతిథితో, “నుదురు చెక్కేటప్పుడు నేను ఊపిరి బిగబడతానండీ” అన్నాడు. టీ పోస్తున్న షిజు తలెత్తి చూసింది. అతను తల దించుకున్నాడు. ఆ సంగతి వాళ్ళిద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

తెంపో శకం పదమూడో ఏట, ఆరో నెల ఎండల్లో, సర్కారు ఉత్తర్వు వచ్చింది. యోషివారా కన్యల బొమ్మలు, ఆటపాటల వాళ్ళ బొమ్మలు, నాటకాల వాళ్ళ బొమ్మలు ఇకమీద అచ్చు వేయకూడదు. జనం చెడిపోతున్నారట. పాత పలకలుంటే గీత మిగలకుండా చిత్రిక పట్టెయ్యాలి. వాడ పెద్ద, తన గుమాస్తాను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు.

వాళ్ళింట్లో కమెనోయా వారివి పదకొండు పలకలున్నాయి. గుమాస్తా గుమ్మంలో విసనకర్ర ఊపుకుంటూ కూచున్నాడు. బున్జి రెండు పలకలు చిత్రిక పట్టి, ఆగి, బయటికి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. మిగతా తొమ్మిదీ షిజు పట్టింది. చిత్రిక కింద వెంట్రుకలు నల్లటి తురుములా లేచి చుట్టలు తిరిగాయి. ఏడాది పట్టిన పనికి ఒక పూట సరిపోయింది.

“అయ్యో, మీ ఆయన చెక్కినవి మీ చేత్తోనే చెరపాల్సి వచ్చిందే!” అన్నాడు గుమాస్తా జాలిగా.

“ఇటు వైపు నునుపైందో లేదో చూడండి” అంది షిజు.

ఆపైన అందరూ వీరుల వెంట పడ్డారు. వీరుల మీద నిషేధం లేదు. వాళ్ళను చూస్తే జనం బాగుపడతారట. షిజుకు పని తగ్గుతుందేమో అనుకున్నారు కాని రెట్టింపయింది. అందగత్తెకు ఉన్నది ఒక్క తల. వీరుడికి గడ్డం, మీసం, కనుబొమలు, ఛాతీ మీద రోమాలు, పిక్కల మీద రోమాలు. కవచానికి వందల తాళ్ళు. అతను చంపుతున్న కొండముచ్చుకో ఎలుగుబంటికో ఒళ్ళంతా బొచ్చు. కొన్ని రోజులు పని ముగించి అన్నం ముందు కూర్చుంటే ముల్లంగి ఊరగాయ మీద కూడా ఆమెకు వెంట్రుకలు కనిపించేవి.

మరుసటి ఏడు మొదటి నెలలో చెక్కుడు పనివాళ్ళ సంఘం తమ కులదైవం తైషికి పూజ పెట్టుకుంది. పూజ అయ్యాక తిండి, సాకే, ఎకసెక్కాలు. బున్జి పొద్దున్నే వెళ్ళాడు. మిట్టమధ్యాహ్నం దాటగానే అచ్చువేసే కుమజో అతన్ని భుజం పట్టి నడిపించుకుంటూ వచ్చాడు. బున్జి ఎడమచేతికి చుట్టిన గుడ్డ అంతా నెత్తుటితో తడిసి ఉంది.

“అక్కా, గాభరా పడకు. వైద్యుడు చూశాడు” అన్నాడు కుమజో. “ఆ ఫుకగావా తొరకిచి ఉన్నాడు చూడు, వాడి నోరే దీనికంతటికీ కారణం. అందరిముందూ లేచి, ‘హికోబే గారూ, ఆడబొమ్మలు ఆగిపోయి ఆర్నెల్లు దాటింది, తమ చేతులు దురద పెట్టడం లేదూ? ఇదిగో పలక, ఇదిగో కత్తి, ఒక్క కణత చెక్కి చూపించండి, మేమూ కళ్ళారా చూసి తరిస్తాం’ అన్నాడు. ఇంకేముంది, ఒకటే చప్పట్లు. మీ ఆయన నవ్వుతూనే కత్తి తీసుకున్నాడు. నాలుగైదు గాట్లు కూడా పెట్టాడో లేదో, జారిపోయింది. సాకే తాగి కత్తి పట్టుకోకూడదని వీళ్ళకెవరు చెప్తారు!”

కుమజో వెళ్ళిపోయాడు. షిజు నీళ్ళు కాచి, గుడ్డ విప్పి చూసింది. చూపుడువేలు, నడిమివేలు మొదళ్ళ దగ్గర అడ్డంగా, ఎముకదాకా తెగింది. కత్తి పట్టుకునేది కుడిచెయ్యే అయినా దాన్ని నడిపించేది ఎడమచేతి వేళ్ళు.

“జారలేదు” అన్నాడు బున్జి.

“తెలుసు.”

“ఎలా తెలుసు?”

“ఇరవయ్యేళ్ళు కత్తి పట్టినవాడికి అక్కడ తెగదు.”

బున్జి గోడకు చేరగిలపడ్డాడు. “ఏం చెయ్యమంటావు? అందరూ నా చేతినే చూస్తున్నారు. నిజం చెబితే మీ నాన్న పేరు పోతుంది. చెక్కితే నా పేరు పోతుంది. అదీ నాది కాదనుకో. చెయ్యి పోతే ఎవరూ ఇంక అడగరు కదా అనిపించింది.”

షిజు కట్టు కట్టింది. ఇకనుంచి రాతలూ బట్టల మడతలూ కూడా నా మీదే పడతాయి అన్న ఆలోచన ఆమెకు మొదట వచ్చింది. నొప్పి గురించిన ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఆ వరస చూసుకుని ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది. కాని అప్పటికి లేచి అన్నం వండాలి.

ఆ రెండు వేళ్ళూ మళ్ళీ వంగలేదు. ‘రెండో హికోబే ఇంట్లో మనుషులను పెట్టుకుని, దగ్గర కూచుని చేయిస్తున్నాడు’ అని జిన్‌సుకే ఊళ్ళో చెప్పాడు. చేసేది మాత్రం షిజు ఒక్కతే. మూడేళ్ళు. పొద్దున్న లేచేసరికి వేళ్ళు కొంకర్లు పోయి ఉండేవి. వేడినీళ్ళలో పెట్టి ఒక్కొక్కటే తెరిచేది. నలభై దగ్గరపడుతుండగా సన్న గీతలు రెండుగా కనిపించడం మొదలైంది. ముందు సాయంత్రాలు, ఆ తర్వాత మధ్యాహ్నాలు కూడా. ఎవరికీ చెప్పలేదు. బున్జి కనిపెట్టాడు. కత్తి పెట్టేముందు ఆమె ఒక కన్ను మూస్తోంది.

అలాంటి వేళ జిన్‌సుకే మూడు కాగితాల పెద్ద బొమ్మ ఒకటి పట్టుకొచ్చాడు. చాప మీద మూడూ పక్కపక్కన పరిచి, తానే రెండడుగులు వెనక్కి వేసి మురిసిపోయాడు.

రెండు పక్కలా కత్తులు, శవాలు, దుమ్ము. మధ్య కాగితంలో గుర్రం మీద ఒక ఆడమనిషి. ఒంటినిండా కవచం. శిరస్త్రాణం జారిపోయి, విరబోసుకున్న జుట్టు గుర్రం వెనకభాగం దాకా ఎగురుతోంది. ముఖం పూర్వం యోషివారా బొమ్మల్లో ఉండే ముఖమే. అవే కళ్ళు, అదే చిన్న నోరు.

“షావుకారు గారూ, ఇది...” అన్నాడు బున్జి.

“తొమోయే. వెనకటి యుద్ధాల్లో తలలు నరికిన వీరనారి. వీరులకు నిషేధం లేదు కదా?” జిన్‌సుకే కళ్ళు చికిలించాడు. “అచ్చు వెయ్యవచ్చని వాడ పెద్ద ముద్ర కూడా పడిపోయింది. కవచం తొడిగితే వీరుడు. ముఖం అలా ఉందంటే దేవుడిచ్చాడు, మనమేం చేస్తాం? నాలుగేళ్ళయింది ఈ నగరం అందమైన మొహం చూసి. ఎగబడిపోతారు.”

షిజు వంగి జుట్టు ఉండాల్సిన చోట చూసింది. ఖాళీ. చుట్టూ ఒక గీత, లోపల చిత్రకారుడి చేతిరాతలో చిన్న అక్షరాలు: ‘ఇక్కడ గాలి’.

“ఎన్ని రోజులు?” అని అడిగింది.

“ముప్పై.”

“నలభై అయిదు.”

జిన్‌సుకే ఆమె మొహం చూసి బేరం ఆడలేదు.

కొప్పు చెక్కడం వేరు, విరబోసిన జుట్టు చెక్కడం వేరు. కొప్పులో వెంట్రుకలన్నీ ఒకే దారిన పోతాయి. ఇక్కడ ప్రతి పాయా ఇంకో పాయ కిందినుంచి దూరి బయటికి రావాలి, కొసలు గాలిలో విడిపోవాలి. పొద్దుటి వెలుతురు బాగున్నంతసేపే షిజు చెక్కేది. నీళ్ళు నింపిన గాజుబుడ్డిని బున్జి కుడిచేత్తో పట్టుకుని, కిటికీ వెలుతురు ఆమె కత్తిమొన దగ్గర చుక్కలా పడేట్టు నిలిపేవాడు.

“కదులుతోంది.”

“నేను కదల్లేదు. నీళ్ళు కదులుతున్నాయి.”

“ఆ నీళ్ళను పట్టుకుంది నువ్వే కదా.”

“కొంచెం దురద పెట్టింది.”

“ఎక్కడో చెప్పు, నేను గోకుతాను. బుడ్డి మాత్రం కదిలించకు.”

చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళు నవ్వుకున్న రోజులు అవే. నవ్వినా షిజు తల ఎత్తేది కాదు. మధ్యాహ్నానికి కళ్ళనుంచి నీరు కారేది. తడిగుడ్డ వేసుకుని పడుకునేది. అన్నం బున్జే వండేవాడు. అడుగు మాడ్చేవాడు. ఆమె రుచి పట్టించుకోకుండా తినేది. ముప్పయ్యో రోజున ఇక కనిపించడం లేదని కత్తి కింద పడేసింది. తర్వాత రెండు రోజులు దాన్ని ముట్టుకోలేదు. మూడోరోజు పొద్దున్న, కంటితో చూడ్డం మానేసి, తండ్రి చేసినట్టు వేలి కొసతో తడిమి చూసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టింది.

నలభై మూడో రోజున అయిపోయింది. పలక పక్కనే ఒరిగి నిద్రపోయింది. మర్నాడు పొద్దెక్కేదాకా లేవలేదు.

రంగులు అద్దే పలకలు వాడలో ఇంకో ఇద్దరు చెక్కారు. అన్నీ తయారయ్యాక ఆఖర్న పేరు చెక్కడం హికోబే నాటినుంచి ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజుల్లో షిజు కళ్ళకు కట్టు కట్టుకుని చీకటి గదిలో పడుకుని ఉంది. వైద్యుడు పది రోజులు వెలుతురు చూడొద్దన్నాడు.

“పేరు నేను చెక్కుతాలే” అన్నాడు బున్జి తలుపు అవతలనుంచి.

“ఆ వేళ్ళతోనా?”

“రెండు అక్షరాలే కదా. మెల్లిగా చేస్తాను.”

సరేనంది. రెండు అక్షరాలకు అతనికి రెండు పగళ్ళు పట్టింది. పలకను తానే గుడ్డలో చుట్టి కుమజో ఇంటికి మోసుకెళ్ళాడు.

మొదటి విడత రెండు వందల ప్రతులు అచ్చయి, కమెనోయా దుకాణం ముందు వేలాడిన రెండు రోజుల్లో అయిపోయాయి. మూడో రోజు పొద్దున జిన్‌సుకే, ఎన్నడూ లేనిది, పల్లకీ కూడా పిలవకుండా చెమటలు కక్కుకుంటూ నడిచి వచ్చాడు. చేతిలో మధ్య కాగితం ఉంది. గుమ్మంలోనే నిలబడి అరిచాడు.

“ఎవడయ్యా ఈ షిజు? ఎడో నగరంలో షిజు అనే చెక్కేవాడు ఎవడు?”

“వాడు కాదు, ఆవిడ” అన్నాడు బున్జి. అతను కళ్ళు దించలేదు. “నేనే చెక్కాను ఆ పేరు. ఆవిడకు తెలియదు.”

షిజు కట్టు విప్పుకుని వచ్చింది. జిన్‌సుకే చేతిలోంచి కాగితం తీసుకుని ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకుంది. గుర్రం కాలి పక్కన చిన్న చట్రం. ‘చెక్కినది షిజు’. రెండో అక్షరం పక్కకు ఒరిగిపోయింది. బున్జి చేతినుంచి అంత వంకర అక్షరం ఎప్పుడూ రాలేదు.

ఏదో ఒకటి అనిపించాలి కదా అని ఆమె ఎదురుచూసింది. సంతోషం రాలేదు. కోపం కూడా రాలేదు.  కాగితం మడవకుండా తిరిగి ఇచ్చేసింది.

“అమ్మా, నేను చెడ్డవాణ్ణి కాదు” అన్నాడు జిన్‌సుకే, కాస్త తగ్గి, అరుగు మీద కూలబడుతూ. “వాడ పెద్ద ముద్ర వేసిన నకలులో హికో అని ఉంది. అచ్చులో ఇంకోటి ఉంది. ఎవడైనా ఒక్కడు వెళ్ళి చాడీ చెప్పాడనుకో, పేరొక్కటే చూసి ఊరుకుంటారా? ఆ మొహం కూడా చూస్తారు. పలకలన్నీ పట్టుకుపోతారు. నీకూ నాకూ చేతులకు సంకెళ్ళు. ఆ ముక్క తొలిచి, అతుకు వేసి, పాత పేరు చెక్కాలి. ఇవాళే.”

“ఎవరు చెక్కుతారు?” అన్నాడు బున్జి.

 ఇంకొకరి చేతికిస్తే మధ్యాహ్నానికల్లా వాడ మొత్తానికీ తెలుస్తుంది. బున్జి వేళ్ళతో అతుకు పని కాదు. కబురు అందుకుని కుమజో పలక తెచ్చి పెట్టాడు. షిజు తన కత్తుల పెట్టె తీసుకుని, కిటికీ దగ్గరికి జరిగింది.

సన్న ఉలితో చట్రం లోపల నాలుగు వైపులా గాటు పెట్టింది. తన పేరును రెండు దెబ్బల్లో పెళ్ళగించింది. చిటికెనవేలి గోరంత ముక్క ఎగిరి ఎక్కడో పడింది. దాని కోసం బున్జి చాప మీద దేవులాడాడు.

“అది తర్వాత. ముందు పలక పట్టుకో.”

అతను పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

“ఏడవకు. చెక్క తడిస్తే అతుకు నిలవదు.”

“నిన్నడగాల్సింది. నిద్ర లేపి అడగాల్సింది. పదిహేనేళ్ళనుంచి ఇంకోళ్ళ పేరు... ఒక్కసారైనా...”

“అడిగితే వద్దనేదాన్ని.”

“అందుకే అడగలేదు.”

షిజు చెర్రీ చెక్క బిరడా ఒకటి కోసి, గుంతలో సుత్తితో మెల్లగా దిగ్గొట్టి, పైన నునుపు చేసింది. ఒక కన్ను మూసుకుని ‘హికో’ అని చెక్కింది. అక్షరాలు చక్కగా నిటారుగా వచ్చాయి. జిన్‌సుకే వేలితో తడిమి చూసి, అతుకు ఎక్కడుందో తెలియడం లేదని గాఢంగా ఊపిరి వదిలాడు.

“పెద్ద గండం తప్పించావమ్మా. వచ్చే నెల ఇంకో వీరనారి ఉంది, దానికి...”

“జుట్టు ఇంక చెయ్యను, షావుకారు గారూ.”

“ఏమిటి, ఒంట్లో బాగాలేదా? కళ్ళు నయమయ్యేదాకా ఆగుతాను.”

“బాగానే ఉంది. చాలు.”

కోపంతో అన్నట్టు లేదు, అలిగినట్టూ లేదు. జిన్‌సుకే పలక చుట్టబెట్టుకుని లేచాడు.

కమెనోయా వారి జుట్టు పని ఫుకగావా తొరకిచికి వెళ్ళింది. ఆ చలికాలంలో ఒకనాటి పగటిపూట తొరకిచి స్వయంగా కందాకు వచ్చాడు. పొడుగ్గా, బొంగురు గొంతుతో, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు ఉన్నాడు. బున్జి అతన్ని చూడగానే లోపలికి వెళ్ళిపోబోయాడు.

“ఉండండన్నా, ముందు మీతోనే పని” అని తొరకిచి నేలకు నుదురు ఆనించాడు. “ఆ రోజు మీ చెయ్యి చూడగానే అర్థమైంది, అక్కడ తెగదని. నోరు జారినందుకు ఇన్నేళ్ళనుంచి నిద్ర పట్టలేదు. రావడానికి ధైర్యం చాల్లేదు.”

“టీ తాగుతావా?” అన్నాడు బున్జి.

తొరకిచి చంకలోంచి చుట్టిన కాగితం తీసి షిజు ముందు పరిచాడు. తొమోయే. వంకర అక్షరం ఉన్న ప్రతి.

“అక్కా, ఈ చెవి వెనకనుంచి వచ్చే పాయ ఉందే, ఇది కిందది ముందు తీశావా, పైది ముందు తీశావా? మూడు పలకలు పాడుచేశాను. రావడం లేదు.”

షిజు కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. ఆ పాయను చెక్కిన పొద్దు ఆమెకు గుర్తుంది.

“ఏదీ ముందు కాదు. రెండూ సగం సగం తీసి వదిలెయ్యి. కూడేచోట అన్నిటికంటే చివర చెయ్యి. కత్తిని నువ్వు తిప్పకు, పలకను తిప్పు.”

“పలకనా!”

“మరి? గాలి వచ్చేది అటునుంచి కదా.”

అతను చాలాసేపు అడిగాడు. ఆమె తన కత్తి తీసి చేత్తో చూపించింది. వెళ్ళేముందు తొరకిచి కాగితాన్ని జాగ్రత్తగా చుట్టుకున్నాడు. బున్జి దానివైపే చూస్తున్నాడని గ్రహించి, ఇబ్బందిగా నవ్వాడు.

“ఇది ఇవ్వలేనన్నా, ఏమీ అనుకోవద్దు. పనిచేసే చోట గోడకు పెట్టుకున్నాను. రోజూ చూడాలి.”

“ఉంచుకో, మాకెందుకు” అంది షిజు.

ఆ తర్వాత ఆ ఇంట్లో గాలిపటాల మీది దయ్యపు మొహాలు, పిల్లలు కత్తిరించి ఆడుకునే బొమ్మలు, యాత్రికులు గుడి స్తంభాలకు అంటించుకునే పేరు చీటీలు చెక్కేవాళ్ళు. పెద్ద గీతలు, పెద్ద అక్షరాలు. వంగని వేళ్ళతోనే బున్జి చీటీల మీది పేర్లు మళ్ళీ నేర్చుకుని చెక్కాడు. రోజుకొకటి అయ్యేది. అలాంటి చీటీలే కావాలని అడిగి చేయించుకునేవాళ్ళు కూడా తయారయ్యారు. కొన్నాళ్ళకు ఉత్తర్వు సడలి ఆడబొమ్మలు మళ్ళీ దుకాణాలకెక్కాయి. జిన్‌సుకే రెండుసార్లు కబురు పెట్టాడు. షిజు వెళ్ళలేదు.

షిజు అరవై ఒక్క ఏళ్ళు బతికింది. కుడి భుజం కిందికి దిగలేదు. దూరాన ఉన్నవి బాగానే కనిపించేవి, దగ్గరవి మసక. పొద్దున్న కాస్త పనిచేసి, మధ్యాహ్నం అన్నం తిన్నాక లోపలి గదిలో చాప వేసుకుని పడుకునేది. కొన్ని రోజులు దీపాలు పెట్టే వేళదాకా లేచేది కాదు. ఆ వేళ ఆ ఇంటి తలుపు తట్టకూడదని కందా వాడలో అందరికీ తెలుసు.